హాస్టల్ పిల్లల దుఃఖానికి చరిత్ర లేదా? – నల్లగొండ, పాలమూరు విద్యార్థుల మీద ఒక పరిశీలన

నల్లగొండ చరిత్ర అనగానే సాయుధ పోరాటం రాస్తారు. పాలమూరు చరిత్ర అనగానే సంస్థానాలు, కరువు, వలస రాస్తారు. ఇవి రాయవలసినవే. కానీ ఈ రెండు జిల్లాల పల్లెల నుంచి రేకు పెట్టె నెత్తిన పెట్టుకొని సాంఘిక సంక్షేమ హాస్టల్ చేరి, అక్కడి నుంచి కాలేజీకి, యూనివర్సిటీకి నడిచిపోయిన మాదిగ, మాల పిల్లల చరిత్ర రాసింది చాలా తక్కువ. అందులోనూ ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి కొలువులొచ్చాయి అన్న లెక్కే ఉంటుంది. ఆ పిల్లలు ఏం మోశారు, ఎక్కడ కుంగిపోయారు, కుంగినప్పుడు ఎవరు చెయ్యి పట్టుకున్నారు అన్నది ఎక్కడా కనిపించదు. దుఃఖం సొంత విషయం, చరిత్రకు సంబంధం లేదని అనుకోవటమే దీనికి కారణం.

మేము ఈ మాటను ఒప్పుకోవటం లేదు. దళిత విద్యార్థి దుఃఖానికి పుట్టుక ఉంది, పెంపకం ఉంది, దాన్ని కనబడకుండా చేసిన సంస్థలు ఉన్నాయి. కనుక దానికి చరిత్ర ఉంది. ఆ చరిత్ర తెలిస్తేనే ఇవ్వాళ క్లాసులో వెనక బెంచీ మీద తల వంచుకొని కూర్చున్న పిలగాడిని గుర్తుపట్టగలం అన్నది మా వాదన. 2016లో ఈ జిల్లాలు సూర్యాపేట, యాదాద్రి, వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల అని ముక్కలయ్యాయి గానీ పిల్లల కథ ముక్కలు కాలేదు. అందుకే పాత పేర్లతోనే మాట్లాడుతున్నాం.

హాస్టల్ ఎవరికి ఇల్లయింది?

హైదరాబాదు రాజ్యంలో ఊరు దాటి చదువుకోవటమంటే పట్నం పోవటమే. పట్నంలో ఎక్కడ ఉండాలి, ఏం తినాలి, జ్వరమొస్తే ఎవరు చూస్తారు? ఈ ప్రశ్నలకు కులమే జవాబు చెప్పింది. 1918లో హైదరాబాదులో రెడ్డి హాస్టల్ వచ్చింది. దాని వెనక నిలబడ్డ రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి పాలమూరు ప్రాంతం మనిషి, తర్వాత నగర కొత్వాలు అయ్యాడు. ఆ హాస్టల్‌కు ఏళ్ళ తరబడి కార్యదర్శిగా ఉన్న సురవరం ప్రతాపరెడ్డిది కూడా పాలమూరే. అక్కడ గ్రంథాలయం ఉండేది, పెద్దమనుషుల రాకపోకలు ఉండేవి. పల్లె నుంచి వచ్చిన పిల్లవాడికి పట్నంలో తన భాష మాట్లాడేవాడు, తన ఇంటి పేరు తెలిసినవాడు దొరికేవాడు. తెలంగాణ ఆధునిక నాయకత్వంలో పెద్ద భాగం ఆ గోడల మధ్య తయారైంది.

దీన్ని తప్పు పట్టటానికి చెప్పటం లేదు. ఇవ్వాళ 'కౌన్సెలింగ్', 'మెంటరింగ్' అని కొత్త పేర్లతో పిలిచే పని ఒక వర్గం పిల్లలకు నూరేళ్ళ కిందనే అందింది అని చెప్పటానికి. దానికి ఆ పేర్లు లేవు, పెద్దదిక్కు అనేవాళ్ళు. గంతే.

మన పిల్లలకు ఆ పెద్దదిక్కు కోసం భాగ్యరెడ్డివర్మ ఆది హిందూ పాఠశాలలు పెట్టాడు. అరిగె రామస్వామి, బి.ఎస్. వెంకటరావు, శ్యాంసుందర్ ఆ దారిలో నడిచారు. 1947 చివర్లో ఏర్పడ్డ లాయక్ అలీ మంత్రివర్గంలో విద్యామంత్రి అయిన వెంకటరావు దళితుల చదువు కోసం కోటి రూపాయల నిధి సాధించాడు. అటు సరిహద్దు అవతల బొంబాయి రాష్ట్రంలో అంబేద్కర్ నడిపిన బహిష్కృత హితకారిణి సభ 1925లో షోలాపూర్‌లో హాస్టల్ తెరిచింది. బడి కన్నా ముందు హాస్టల్ కావాలని అంబేద్కర్‌కు తెలియటానికి కారణం ఉంది. కొలంబియాలో, లండన్‌లో చదివి 1917లో బరోడాలో ఉద్యోగానికి వచ్చిన మనిషికి ఉండటానికి గది దొరకలేదు. కులం దాచి పార్సీల సత్రంలో 11 రోజులు ఉంటే కర్రలు పట్టుకొని వచ్చి వెళ్ళగొట్టారు. ఆ రోజు తాను ఏడ్చానని ఆయనే రాసుకున్నాడు. అంతటి చదువరి ఏడ్చాడంటే అది బలహీనత అని ఎవరమూ అనం. మరి మన హాస్టల్ పిలగాడు ఏడిస్తే ఎందుకంటున్నాం?

1944 నుంచి మెట్రిక్ తర్వాత చదువుకు స్కాలర్‌షిప్ వచ్చింది. ఆ తర్వాత సంక్షేమ హాస్టళ్ళు వచ్చాయి. 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో రాష్ట్రంలోనే మొదటి గురుకుల పాఠశాల మొదలైంది. 2007లో నల్లగొండకు, 2008లో పాలమూరుకు యూనివర్సిటీలు వచ్చాయి. 2016 నుంచి సాంఘిక సంక్షేమ గురుకులాల్లో ఆడపిల్లలకు డిగ్రీ కాలేజీలు వచ్చాయి. ఇవన్నీ కొట్లాడితే వచ్చినవి. ఇవి లేకుంటే ఈ వ్యాసం రాసే మేమూ లేము, చదివే మీలో చాలామందీ లేరు.

అయితే రెడ్డి హాస్టల్‌కూ సర్కారు హాస్టల్‌కూ తేడా ఉంది. అక్కడ కులం ఒక దిక్కయింది. ఇక్కడ కులం ఒక రిజిస్టరు అయింది. సర్కారు బువ్వ లెక్క రాసింది, దుప్పటి లెక్క రాసింది. పిల్లవాడు రాత్రి నిద్రపోతున్నాడా అన్నదానికి రిజిస్టరు లేదు. బువ్వ పెట్టటం నేర్చుకున్న సంస్థ వినటం నేర్చుకోలేదు.

ఈ నేల పిల్లలు మోసే బరువు

దుఃఖం అందరికీ ఒకటే అని చెప్పే పుస్తకాలున్నాయి. నల్లగొండ, పాలమూరు పిల్లల విషయంలో ఆ మాట సగమే నిజం.

పాలమూరు లేబరు దేశమంతా ఆనకట్టలు కట్టింది, రోడ్లు వేసింది. తల్లిదండ్రులు పుణెకో ముంబైకో పోతే పిల్ల హాస్టల్లో ఉంటుంది. దసరాకు హాస్టల్ మూస్తారు. అందరూ బతుకమ్మకు ఊరికి పోతారు. తాళమేసిన ఇంటికి ఈ పిల్ల ఎందుకు పోవాలి? సెలవుల ముందు కొందరు పిల్లలు ఎందుకు ముడుచుకుపోతారో అర్థం కాని లెక్చరర్లు దీన్ని ఆలోచించాలి.

నారాయణపేట, మక్తల్, ఊట్కూరు వైపు జోగినీ వ్యవస్థ మాదిగ, మాల ఆడవాళ్ళ మీద రుద్దిన ఆచారం. 1988లో చట్టం నిషేధించింది. చట్టం వచ్చినా జోగిని బిడ్డకు ప్రతి దరఖాస్తులో 'తండ్రి పేరు' అన్న గడి ఎదురైంది. పదిమంది ముందు గుమాస్తా గట్టిగా అడిగే ఆ ఒక్క ప్రశ్న, ఏడాది పాటు ఆ పిల్ల నోరు మూయించగలదు.

తెలుగు మీడియంలో ఇంటర్ చదివి ఇంగ్లీషు మీడియం డిగ్రీలో, ఇంజనీరింగులో పడ్డ పిల్లవాడిది ఇంకో బరువు. ఊర్లో ఫస్టు వచ్చినవాడు ఇక్కడ మొదటి సెమిస్టర్లోనే రెండు సబ్జెక్టులు పోగొట్టుకుంటాడు. 'నాకు తెలివి లేదు' అనుకుంటాడు. భాష మారిందని, పుస్తకం మారిందని, ఎవరూ వంతెన వేయలేదని అతనికి ఎవరూ చెప్పరు. పైగా ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని ప్రైవేటు కాలేజీ సర్టిఫికెట్లు ఆపితే, బాకీ సర్కారుది, తలవంపు పిల్లవాడిది.

ప్రేమ సంగతి చెప్పనే అక్కరలేదు. మన దగ్గర విద్యార్థి చనిపోతే మొదట వినబడే మాట 'లవ్ ఫెయిల్యూర్'. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో ప్రణయ్‌ని ఆస్పత్రి ముందు, గర్భవతి అయిన భార్య కళ్ళ ముందు చంపించారు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, 6గురికి యావజ్జీవం వేసింది. ఆ జిల్లాలో కులం దాటి ప్రేమించిన పిల్లవాడి భయాన్ని 'ప్రేమ వ్యవహారం' అని రెండు మాటల్లో రాసి ఫైలు మూయటం న్యాయమేనా?

చూసే కళ్ళు, చూడని కళ్ళు

పిల్లవాడు కుంగుతున్నప్పుడు అతన్ని ముగ్గురు చూస్తారు. చదువుల యంత్రాంగం చూస్తుంది, పోలీసు చూస్తాడు, ఉద్యమం చూస్తుంది. ముగ్గురికీ వేరే వేరే మనుషులు కనబడతారు.

చదువుల యంత్రాంగానికి మార్కులు కనబడతాయి. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో సుమారు 3 లక్షల మంది ఫెయిలయ్యారు. తెలుగులో 99 మార్కులు వచ్చిన అమ్మాయికి సున్నా పడింది. పరీక్షలు బాగా రాసిన పిల్లలు తమ తెలివినే అనుమానించుకున్నారు. 20 మందికి పైగా చనిపోయిన తర్వాత గానీ ఫెయిలైనవాళ్ళ పేపర్లు ఉచితంగా మళ్ళీ చూడలేదు. 2021 డిసెంబర్‌లో, కరోనా వల్ల క్లాసులు సరిగా జరగని ఏడాది, మొదటి సంవత్సరంలో సగం మంది కూడా పాస్ కాలేదు. మళ్ళీ చావులు. అప్పుడు అందరికీ 35 మార్కులు వేశారు. రెండుసార్లూ వ్యవస్థ కదిలింది, చావు తర్వాత కదిలింది.

పోలీసు కంటికి 'కారణం' కనబడుతుంది. జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్కలో 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. ఆ నివేదికలో పరీక్ష ఫెయిల్, ప్రేమ వ్యవహారం, కుటుంబ సమస్యలు, చివరికి 'సమాజంలో పరువు పోవటం' కూడా కారణాల కింద ఉన్నాయి. కుల వివక్ష అన్న గడి లేదు. గడి లేని చోట దుఃఖం లెక్కలోకి రాదు. 2018 మే దాకా పరిస్థితి ఇంకా ఘోరం. చావబోయి బతికినవాడు శిక్షాస్మృతి 309 కింద నేరస్తుడు. అందుకే తల్లిదండ్రులు దాచారు, హాస్టళ్ళు దాచాయి. మానసిక ఆరోగ్య చట్టం 2017 అమల్లోకి వచ్చాక, అటువంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడని భావించాలి, శిక్షించరాదు, సర్కారే వైద్యం చూపాలి అని 115వ సెక్షన్ చెప్పింది. ఈ మాట ఇంకా మన హాస్టళ్ళ దాకా రాలేదు.

ఇక ఉద్యమం. ఇది చెప్పటం కష్టం, అయినా చెప్పాలి. 2009 నవంబర్ 29న నల్లగొండ జిల్లా బిడ్డ కాసోజు శ్రీకాంతాచారి తెలంగాణ కోసం తన ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు. డిసెంబర్ 3న చనిపోయాడు. 2010 జనవరిలో నల్లగొండ జిల్లాకే చెందిన వేణుగోపాల్ రెడ్డి, ఫిబ్రవరిలో తల్లిదండ్రులు లేని సిరిపురం యాదయ్య ఉస్మానియాలో పోయారు. ఆ తర్వాత లెక్క పెరిగింది, ఉద్యమం 1,200 అని చెప్పింది. నాయకులు వేదికల మీద చావొద్దని వేడుకున్నారు. అదే వేదికల మీద అమరుల పాటలు కూడా మోగాయి. 2023 జూన్‌లో హైదరాబాదులో పెద్ద స్మారకం తెరిచారు.

ఆ పిల్లల రాజకీయ విశ్వాసాన్ని మేము తక్కువ చేయటం లేదు. వాళ్ళు తెలంగాణ కోరుకున్నారు, ఆ కోరిక నిజం. కానీ చనిపోవటానికి ముందటి వారం ఆ పిల్లవాడు తిన్నాడా, నిద్రపోయాడా, చేతిలో డబ్బులున్నాయా, ఎవరితోనైనా మాట్లాడాడా అన్న ప్రశ్న 'అమరుడు' అన్న మాట కింద మునిగిపోయింది. మనిషి విగ్రహమైతే దండ వేస్తాం, దుఃఖం అడగం. అది చూసిన ఇంకో పిల్లవాడు, బతికి ఉంటే దొరకని గౌరవం చస్తే దొరుకుతుందని అనుకునే ప్రమాదం ఉంది. బతికి కొట్లాడే పిల్లవాడికి గౌరవం ఇవ్వని ఉద్యమం తన పిల్లలను తానే పోగొట్టుకుంటుంది.

యూనివర్సిటీ గేటు లోపల

పెద్ద చదువులకు పోతే ఈ కథ మారుతుందా? హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ మూడు పాఠాలు చెప్పింది. 2008 ఫిబ్రవరిలో సేలం జిల్లా నుంచి ఫిజిక్స్ పరిశోధనకు వచ్చిన సెంథిల్ కుమార్ చనిపోయాడు. అప్పటికి ఫెలోషిప్ ఆగింది, గైడ్ లేడు. 2013 నవంబర్‌లో మాదారి వెంకటేష్ చనిపోయాడు. ఏళ్ళ తరబడి సరైన గైడ్‌ను కేటాయించలేదన్నది తోటి విద్యార్థుల ఆరోపణ. గైడ్ లేకపోవటం, ఫెలోషిప్ రాకపోవటం ఆఫీసు కాగితాల్లో చిన్న విషయాలు. ఆ పైసలతో ఇంటికాడ అమ్మకు బియ్యం వచ్చేవాడికి అది ఊపిరి.

మూడోది రోహిత్ వేముల. 2015 డిసెంబర్ 18న అతను వీసీకి ఒక లేఖ రాశాడు. తనలాంటి విద్యార్థులు అక్కడ బతకలేరని కటువైన వ్యంగ్యంతో చెప్పాడు. 2016 జనవరి 17న చనిపోయాడు. మధ్యలో 30 రోజులు. ఆ 30 రోజుల్లో అతనికీ తోటి 4గురికీ అందింది ఆదరణ కాదు, హాస్టల్ గదులకు తాళం. వాళ్ళు బయట గుడారం వేసుకొని దానికి 'వెలివాడ' అని పేరు పెట్టారు. విద్యార్థి తన ఆపదను కాగితం మీద రాసి ఇంత స్పష్టంగా ఇచ్చిన సందర్భం అరుదు. దాన్ని క్రమశిక్షణ ఫైలుగా చదవటమే అసలు జబ్బు.

ఢిల్లీ ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ విద్యార్థులు వేధింపులు తట్టుకోలేక హాస్టల్లో ఒకే చోటికి చేరిపోవలసి వచ్చిందని 2007లోనే థోరట్ కమిటీ చెప్పింది. 2012లో యూజీసీ సమానత్వ నిబంధనలు తెచ్చింది. కాగితం ముందే ఉంది. కాగితానికీ పిల్లవాడికీ మధ్య మనిషి లేడు.

గుర్తుపట్టటం ఎట్లా?

మొదట గుర్తుపట్టేది డాక్టరు కాదు. పక్క మంచం పిలగాడు, మెస్సు వంటమ్మ, వాచ్‌మన్, హాజరు తీసే లెక్చరరు. అందుకే వీళ్ళకు తెలియాలి.

ఎప్పుడూ గలగలా మాట్లాడేవాడు మాట తగ్గిస్తే, మెస్సుకు రాకుంటే, రాత్రంతా మేలుకొని పగలంతా ముసుగు తీసి పడుకుంటే, తాగుడు కొత్తగా మొదలైతే, హాజరు ఒక్కసారి పడిపోతే, ఇష్టమైన వస్తువులు పంచిపెడుతుంటే, 'నేను లేకుంటే మా ఇంటికి భారం తగ్గుతది' అంటే – ఇవి అడగవలసిన సమయాలు. చాలా కుంగినవాడు ఉన్నట్టుండి నెమ్మదిస్తే బాగయ్యాడని వదిలేయకూడదు, అప్పుడు కూడా అడగాలి. ఫలితాల వారం, ఫీజు గడువు, సెలవుల ముందు, అవమానం జరిగిన మరునాడు జాగ్రత్త ఎక్కువ కావాలి.

ఎట్లా అడగాలి? 'ఏమైంది తమ్మీ, నాలుగు రోజుల నుంచి బువ్వకాడికి వస్తలేవు?' అంటే చాలు, మొదలవుతుంది. తర్వాత సూటిగా అడగవచ్చు: 'చచ్చిపోవాలనిపిస్తుందా?' అట్లా అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడతారు. పుట్టదు. అడిగితే మోస్తున్న బరువు దిగుతుంది. అవునంటే తిట్టొద్దు, 'మీ అమ్మ ఏమైపోతది' అని నేరం మోపొద్దు, ఉపన్యాసం ఇవ్వొద్దు. ఆ రాత్రి ఒంటరిగా వదలొద్దు. ప్రమాదమైన వస్తువులు, ఇంటికి పోతే పొలం మందులు, అందకుండా చూడాలి. 14416 నంబరుకు ఫోన్ చేయాలి. 2022 అక్టోబర్‌లో మొదలైన టెలీ మానస్ అది, పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు. మహబూబ్‌నగర్, నల్లగొండ, సూర్యాపేటల్లో ఇప్పుడు సర్కారు మెడికల్ కాలేజీలున్నాయి, వాటి ఆస్పత్రులకు వెంట తీసుకొని పోవాలి. 'పో' అని చెప్పటం వేరు, వెంట నడవటం వేరు.

మన దగ్గర ఒక అలవాటు ఉంది. ఎవరైనా దిగులుగా ఉంటే 'వీణ్ణి ఎర్రగడ్డకు పంపాలిరా' అని నవ్వుతారు. ఆ ఒక్క జోకు వల్ల ఎంతమంది నోరు విప్పలేదో! పిచ్చి అన్న ముద్ర, కులం ముద్రకు తోడైతే ఆ పిల్లవాడు ఎవరి దగ్గరికి పోతాడు?

కౌన్సెలర్ వస్తే సరిపోతుందా?

ఇక్కడ మన సంఘాల్లో ఒక వాదన ఉంది. 'జబ్బు కులానిది, పిల్లవానికి కౌన్సెలింగ్ ఎందుకు? ఇది వ్యవస్థను వదిలి మనిషిని బాగుచేసే అగ్రవర్ణ నాటకం' అంటారు. ఇందులో నిజం ఉంది. ఆపిన ఫెలోషిప్ ఇవ్వకుండా ఊపిరి పీల్చే వ్యాయామం నేర్పితే అది మోసమే. కానీ వ్యవస్థ మారే దాకా ఈ రాత్రి గడవాలి కదా! ఈ రాత్రి గడిపించే చెయ్యి, రేపు పొద్దున ఆఫీసులో బల్ల గుద్దే చెయ్యి – రెండూ మనవే కావాలి. కుంగినవాడి పక్కన కూర్చోవటం ఉద్యమానికి బయటి పని కాదు, అదే మొదటి పని.

2024 ఫిబ్రవరిలో భువనగిరి ఎస్సీ బాలికల హాస్టల్లో పదో తరగతి చదివే ఇద్దరు అమ్మాయిలు చనిపోయారు. వాళ్ళు ఇంకా కాలేజీ గడప తొక్కలేదు. అంటే మనం కాలేజీలో చూస్తున్నది చాలా ముందే మొదలవుతోంది.

ఇప్పుడు మన చేతిలో కొత్త ఆయుధాలున్నాయి. 2025 మార్చి 24న సుప్రీంకోర్టు విద్యార్థుల ఆత్మహత్యల మీద జస్టిస్ రవీంద్ర భట్ అధ్యక్షతన జాతీయ కార్యదళం వేసింది. జూలై 25న, విశాఖలో నీట్‌కు చదువుతూ చనిపోయిన అమ్మాయి కేసులో, 15 మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది పైన విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలి. బోధన సిబ్బందికీ మిగతా సిబ్బందికీ ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. సహాయ నంబర్లు హాస్టళ్ళలో, క్లాసుల్లో పెద్ద అక్షరాలతో రాసిపెట్టాలి. అణగారిన వర్గాల పిల్లలతో వివక్ష లేకుండా మెలగాలి.

కాబట్టి విద్యార్థి సంఘాలు ఈ వారమే తమ కాలేజీకి పోయి అడగవలసినవి కొన్ని ఉన్నాయి. కౌన్సెలర్ ఎక్కడ? ఆ కౌన్సెలర్‌కు మన కులాల బతుకు తెలుసా? మెస్సు వంటమ్మకు, వాచ్‌మన్‌కు శిక్షణ ఎప్పుడు? పండుగ సెలవుల్లో దిక్కులేని పిల్లలకు హాస్టల్ ఎందుకు తెరిచి ఉంచరు? ఫీజు బాకీ పేరుతో సర్టిఫికెట్లు ఎందుకు ఆపుతారు? పోయి తిరిగివచ్చిన పిల్లవాడికి గుసగుసలు లేకుండా మళ్ళీ సీటు దొరుకుతుందా? లెక్చరర్లు, ముఖ్యంగా ఇవే హాస్టళ్ళలో తిని పైకి వచ్చిన లెక్చరర్లు, వారానికి ఒక గంట గది తలుపు తీసి పెడితే అది ఏ సర్క్యులర్ కన్నా ఎక్కువ పని చేస్తుంది.

నూరేళ్ళ కింద ఒక కులం తన పిల్లలకు పట్నంలో పెద్దదిక్కును కట్టుకుంది. భాగ్యరెడ్డివర్మ, వెంకటరావు మనకోసం ఆ పని మొదలుపెట్టారు. బడి వచ్చింది, బువ్వ వచ్చింది, సీటు వచ్చింది. పెద్దదిక్కు ఇంకా రాలేదు. అది సర్కారు ఒక్కటే ఇచ్చేది కాదు, సర్కారును వదిలిపెట్టి మనం ఒక్కరమే కట్టుకునేదీ కాదు. మన పిల్లలు చచ్చి అమరులు కావలసిన అవసరం లేదు. బతికి, ఫెయిలై, మళ్ళీ రాసి, ప్రేమించి, కొట్లాడి, ముసలివాళ్ళయ్యే హక్కు వాళ్ళకు ఉంది. దళిత ఉద్యమం అడగవలసిన హక్కుల జాబితాలో దాన్ని కూడా రాసుకోవాలి.